గూగుల్ ర్యాంకింగ్‌తో కీలక జాతులను గుర్తించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక చెరువులో, ఒక అడవిలో, ఒక సముద్ర తీరంలో వందల రకాల జీవులు ఉంటాయి. వాటిలో ఏది పోతే మిగతావాటికి ఎక్కువ దెబ్బ? అన్నిటినీ ఒకేసారి కాపాడేంత డబ్బు, మనుషులు ఏ అటవీ శాఖ దగ్గరా ఉండరు కాబట్టి ఈ ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. దీనికి జవాబు వెతకడానికి వెబ్ పేజీలను వరుసపెట్టే లెక్కను వాడుతున్నారు. దాని మీద విద్యార్థులు, ప్రకృతి ప్రేమికులు, కోడింగ్ తెలిసినవాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్నలు ఇవి. కూడిక, భాగహారం వస్తే చాలు, అన్నీ అర్థమవుతాయి.

గూగుల్‌కీ అడవికీ ఏమిటి సంబంధం?

రెండూ లింకులతో అల్లుకున్నవే. వెబ్‌లో ఒక పేజీ ఇంకో పేజీకి లింక్ ఇస్తుంది, ప్రకృతిలో ఒక జాతి ఇంకో జాతిని తిని బతుకుతుంది. స్కూల్లో చదువుకున్న ఆహార గొలుసులన్నీ కలిపి అల్లితే వచ్చేదే ఆహార జాలకం.

గూగుల్ స్థాపకులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థులుగా ఉన్నప్పుడు 1998లో పేజ్‌ర్యాంక్ పద్ధతిని బయటపెట్టారు. ఒక పేజీకి ఎన్ని లింకులు వచ్చాయో లెక్కపెట్టి ఊరుకోకుండా, ఆ లింకులు ఇచ్చిన పేజీల స్థాయి ఏమిటో కూడా చూడటం అందులోని అసలు ఆలోచన. ఉద్యోగానికి పదిమంది స్నేహితులు చేసే సిఫారసు ఒక ఎత్తు, ఆ రంగంలో పేరున్న ఒక్క మనిషి చేసే సిఫారసు ఒక ఎత్తు. ఆ పేరున్న మనిషే అడిగినవాళ్లందరికీ సిఫారసు ఉత్తరాలు రాసిస్తుంటే మాత్రం ఒక్కో ఉత్తరం విలువ తగ్గిపోతుంది. పేజ్‌ర్యాంక్ ఈ రెండు విషయాలనూ లెక్కలోకి తీసుకుంటుంది.

2009లో స్టెఫానో అల్లెసీనా, మెర్సిడెస్ పాస్కువల్ అనే పరిశోధకులు ఈ పద్ధతిని ఆహార జాలకాలకు అన్వయించి, పీఎల్ఓఎస్ కంప్యూటేషనల్ బయాలజీ పత్రికలో ప్రచురించారు. ఈ దారిలో తర్వాత వచ్చిన పని చాలావరకు ఆ వ్యాసం నుంచే మొదలైంది.

‘కీలక జాతి’ అన్న మాట ఎక్కడిది?

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో మక్కా బే అనే చోట రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త 1963లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. రాళ్ల మీద పాకే ఒక రకం సముద్ర నక్షత్రాన్ని ఏరి అవతల పారేయడం, మళ్లీ రాకుండా చూడటం, అంతే. పక్కనే ఉన్న రాళ్లను ముట్టుకోకుండా పోలిక కోసం వదిలేశాడు. సముద్ర నక్షత్రాలు పోయిన చోట వాటికి ఇష్టమైన తిండి, అంటే మస్సెల్ అనే నల్లటి ఆల్చిప్పలు, విపరీతంగా పెరిగి రాళ్లన్నీ కప్పేశాయి. మిగతా జీవులకు జాగా లేకుండా పోయింది. 1966లో ఆయన ప్రచురించిన వ్యాసం ప్రకారం 15 జాతులు ఉన్న చోట 8 మిగిలాయి. 1969లో ఇలాంటి జాతికి ఆయన ‘కీస్టోన్’ అనే పేరు పెట్టాడు. మన పుస్తకాల్లో కీలక జాతి అంటున్నది దాన్నే.

ఈ సముద్ర నక్షత్రాన్ని గుర్తుంచుకోండి. ర్యాంకింగ్ పద్ధతికి దీనితో పెద్ద పేచీ ఉంది, కింద వస్తుంది.

పేజ్‌ర్యాంక్‌ను ఉన్నదున్నట్టు వాడేయవచ్చా?

కుదరదు. రెండు మార్పులు కావాలి.

మొదటిది దిశ. ప్రకృతిలో శక్తి కింది నుంచి పైకి పోతుంది: గడ్డి నుంచి జింకకు, జింక నుంచి పులికి. ప్రాముఖ్యం మాత్రం దీనికి ఎదురు దిశలో, పై నుంచి కిందికి పారాలి. ముఖ్యమైన జాతులకు తిండి పెట్టే జాతి తానూ ముఖ్యమే అన్నది ఇక్కడి సూత్రం. కాబట్టి బాణాలు తినేదాని నుంచి తినబడేదాని వైపు ఉండాలి.

రెండోది, లెక్క ఎక్కడా ఆగిపోకూడదు. బాణాల వెంట కిందికి దిగుతూ పోతే చివరికి మొక్కలు, నాచు దగ్గరికి చేరతాం. అవి ఎవరినీ తినవు కాబట్టి అక్కడి నుంచి దారి లేదు. వెబ్‌లోనూ బయటికి లింకులు లేని పేజీలతో ఇదే చిక్కు. బ్రిన్, పేజ్ దాన్ని మరో ఉపాయంతో దాటారు: నెట్‌లో తిరిగే మనిషి అప్పుడప్పుడు లింకులు వదిలేసి ఏదో ఒక పేజీకి గెంతుతాడని అనుకున్నారు. 85 శాతం సార్లు లింకు వెంటే వెళ్తాడు, 15 శాతం సార్లు గెంతుతాడు. జింక అలా గెంతదు కదా. ఏ పులికీ ఉన్నట్టుండి నాచు మీద మనసు పోదు. అల్లెసీనా, పాస్కువల్ ఆ 15 శాతం గెంతును తీసేసి, ప్రకృతిలో నిజంగా జరిగేదాన్నే తెచ్చి పెట్టారు. అన్ని జీవులూ చచ్చాక మట్టిలో కలుస్తాయి, ఆ మట్టి మొక్కలకు ఆహారం అవుతుంది. ఈ మట్టి కోసం జాలకంలో ‘వేరు’ అనే ఒక అదనపు బిందువు పెట్టారు. దాంతో చక్రం పూర్తయింది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చినది ఇదే. గణితానికి ఎక్కడ అతుకు కావాల్సి వచ్చిందో, సరిగ్గా అక్కడే ప్రకృతిలో ఒక నిజమైన ప్రక్రియ ఉంది.

చక్రం పూర్తయితే లెక్కకు ఒకే ఒక్క జవాబు వస్తుందని పెర్రాన్, ఫ్రోబేనియస్ అనే జర్మన్ గణిత శాస్త్రవేత్తలు నూరేళ్ల కిందటే నిరూపించిన సిద్ధాంతం హామీ ఇస్తుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు గుర్తుండే ఐగెన్ వెక్టార్ ఆ జవాబే.

ఒక చిన్న ఉదాహరణతో లెక్క చూపిస్తారా?

ఏడు రకాల జీవులున్న ఒక ఊహాజనిత చెరువు తీసుకుందాం. అడుగున నాచు, నీటి మొక్కలు. నీళ్లలో తేలే సన్నటి జంతు ప్లవకాలు నాచును తింటాయి. నత్తలు నాచునూ మొక్కలనూ తింటాయి. చిన్న చేపలు ప్లవకాలను మాత్రమే తింటాయి. కొర్రమీను చిన్న చేపలను తింటుంది. కొంగ చిన్న చేపలనూ నత్తలనూ తింటుంది.

చచ్చాక ప్రతి జాతీ మట్టికి తిండే కాబట్టి ‘వేరు’ బిందువు ప్రతి జాతికీ 1 పాయింటు ఇస్తుంది. ప్రతి జాతీ తన దగ్గరికి చేరిన మొత్తాన్ని తన తిండి జాతులకు సమానంగా పంచుతుంది. పై నుంచి మొదలుపెడదాం.

కొంగకు 1. దాన్ని చిన్న చేపకు సగం, నత్తకు సగం పంచుతుంది. కొర్రమీనుకు 1, అది మొత్తం చిన్న చేపకే పోతుంది. చిన్న చేపకు సొంతంగా వచ్చిన 1, కొంగ ఇచ్చిన 0.5, కొర్రమీను ఇచ్చిన 1 కలిపి 2.5. ఇదంతా ప్లవకాలకు చేరుతుంది, వాటి మొత్తం 3.5. నత్తకు 1.5, అందులో నాచుకు 0.75, మొక్కలకు 0.75. చివరికి నాచుకు 1 + 3.5 + 0.75 = 5.25, నీటి మొక్కలకు 1.75. లెక్క తప్పలేదని చూసుకోవడానికి: అడుగున ఉన్న రెండింటినీ కలిపితే 7 రావాలి, ఎందుకంటే ఏడు జాతులకు ఇచ్చిన ఏడు పాయింట్లూ చివరికి అక్కడికే దిగుతాయి. వచ్చింది.

ఇప్పుడు ప్లవకాలను, నత్తను పక్కపక్కన పెట్టి చూడండి. ప్లవకాలను తినే జాతి ఒక్కటే, నత్తను తినేదీ ఒక్కటే. మొత్తం లింకులు లెక్కపెడితే నత్తకే ఒకటి ఎక్కువ. కానీ ర్యాంకులో ప్లవకాలకు 3.5, నత్తకు 1.5. ఏది సరి? రెండింటినీ ఒక్కొక్కటిగా తీసేసి చూద్దాం. నత్త పోతే ఎవరూ చావరు, కొంగ చేపలతో సరిపెట్టుకుంటుంది. ప్లవకాలు పోతే చిన్న చేపలు పోతాయి, వాటి వెనకే కొర్రమీను పోతుంది. లింకుల సంఖ్య చెప్పలేని తేడాను ర్యాంకు పట్టుకుంది. చెరువు చిన్నది కాబట్టి మనకు కంటికే కనిపించింది, వంద జాతులున్నప్పుడు కనిపించదు.

ఈ ర్యాంకులు సరైనవని ఎలా తేల్చారు?

కంప్యూటర్‌లో జాతులను ఒక వరుసలో తీసేస్తూ పోతారు. తిండి అంతా పోయిన జాతి చచ్చినట్టే లెక్క. ఏ వరుసలో తీస్తే జాలకం అన్నిటికంటే త్వరగా కూలిపోతుందో అదే అసలైన ప్రాముఖ్య క్రమం. చిక్కల్లా వరుసల సంఖ్యతోనే. 20 జాతులుంటే వాటిని తీసేయగల వరుసలు 24 పక్కన పదిహేడు సున్నాలు పెట్టినంత. అన్నీ పరీక్షించడం ఏ కంప్యూటర్‌తోనూ అయ్యే పని కాదు.

అందుకే జెనెటిక్ అల్గారిథమ్ అనే పద్ధతితో వెతికారు. కొన్ని వరుసలను తీసుకుని, మంచివాటిని ఉంచి, వాటిలో కొద్దికొద్దిగా మార్పులు చేస్తూ తరాల తరబడి మెరుగుపరచడం. ఇది చాలా సమయం తింటుంది, కానీ దొరికే వరుస దాదాపు అత్యుత్తమంగా ఉంటుంది. పేజ్‌ర్యాంక్ ఇచ్చిన వరుస చాలా జాలకాల్లో దానికి దీటుగా నిలిచింది. తినే జాతుల సంఖ్య, జాలకంలో మధ్యస్థానం లాంటి పాత కొలతలు వెనకబడ్డాయి. చిన్న లెక్కతో పెద్ద వెతుకులాట ఫలితం రావడమే ఆ వ్యాసం సాధించింది.

తిండి పోయి ఒక జాతి అంతరించిన నిజమైన సంఘటన ఉందా?

ఉంది. ఉత్తర అమెరికా అట్లాంటిక్ తీరంలో ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డి మీద ఒక చిన్న గవ్వ పురుగు బతికేది. ఆ గడ్డి తప్ప ఇంకేమీ తినేది కాదు. 1930ల మొదట్లో ఒక తెగులు వచ్చి గడ్డి చాలావరకు నాశనమైంది. ఉప్పు తక్కువగా ఉన్న నదీ ముఖాల్లో కొంత గడ్డి బతికి తర్వాత మళ్లీ వ్యాపించింది గానీ, ఈ గవ్వ పురుగు తక్కువ ఉప్పు నీటిలో బతకలేదు. గడ్డి తిరిగి వచ్చేసరికి అది లేదు. 1991లో శాస్త్రవేత్తలు దీన్ని నమోదు చేసేదాకా అంతరించిన సంగతే ఎవరికీ పట్టలేదు. ఒకే తిండి మీద ఆధారపడిన జాతి తన మొత్తం పాయింటును ఆ ఒక్కదానికే పంపుతుంది. మన చెరువులో కొర్రమీను చేసినట్టు.

అయితే పులి ర్యాంకు ఎంత? పెయిన్ చెప్పిన సముద్ర నక్షత్రం ర్యాంకు ఎంత?

అట్టడుగున. ఈ పద్ధతి గురించి తెలుసుకోవాల్సిన అతి ముఖ్యమైన విషయం ఇదే. చాలామంది చెప్పకుండా దాటేసేదీ ఇదే.

పై లెక్కలో కొంగకూ కొర్రమీనుకూ 1 మాత్రమే వచ్చింది. వాటిని తినేవాళ్లు లేరు కాబట్టి ఎవరూ పాయింట్లు ఇవ్వలేదు. ఏ జాలకంలోనైనా పైనున్న వేటగాడి గతి ఇంతే. ‘ఇది పోతే ఎంతమందికి తిండి పోతుంది?’ అన్న ఒక్క ప్రశ్నకే ఈ ర్యాంకు జవాబు చెబుతుంది. వేటగాడు పోతే ఎవరికీ తిండి పోదు. కానీ అదుపు పోతుంది. సముద్ర నక్షత్రం పోయినప్పుడు జరిగింది అదే: ఆల్చిప్పలు తిండి లేక చావలేదు, అడ్డు లేక పెరిగాయి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అలాస్కా దగ్గర అల్యూషియన్ దీవుల్లో సముద్రపు నీటికుక్కలు ఉన్న చోట కెల్ప్ అనే పెద్ద నాచు అడవుల్లా పెరుగుతుందని, అవి లేని చోట సీ అర్చిన్‌లు అనే ముళ్ల జీవులు ఆ నాచును మొదలంటా మేసేస్తాయని జేమ్స్ ఎస్టెస్, జాన్ పాల్మిసానో 1974లో చూపించారు. నీటికుక్కకు ఈ ర్యాంకింగ్‌లో పెద్ద స్థానం రాదు.

మన రాబందుల సంగతి ఇంకా విచిత్రం. అవి తినేది కళేబరాలను. కళేబరాన్ని తింటే ఏ జాతి జనాభా మీదా అదుపు కూడా ఉండదు. కాగితం మీద చూస్తే రాబందు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ మందే రాబందులను చంపుతోందని 2004లో తేలింది, 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. అప్పటికే తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. కుళ్లే కళేబరాలు, వాటి మీద పడి పెరిగిన కుక్కలు, రేబిస్, పాడైన నీళ్లు. 2000 నుంచి 2005 మధ్య దేశంలో దాదాపు 5 లక్షల మంది మనుషులు అదనంగా చనిపోయారని ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు 2024లో అంచనా కట్టారు. తెలంగాణలో బెజ్జూరు అడవుల వైపు పాలరాపు గుట్ట మీద గూళ్లు పెట్టిన కొద్దిపాటి రాబందుల కోసం అటవీ శాఖ అంత తాపత్రయపడటానికి కారణం ఏ ఆహార జాలకం లెక్కలోనూ దొరకదు.

మరి అలాంటప్పుడు ఈ పద్ధతి ఎందుకు?

అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పలేదు కాబట్టి పారేయాలంటే ఏ కొలతా మిగలదు. తిండి తెగిపోవడం వల్ల వచ్చే వరుస నష్టాన్ని పట్టుకోవడంలో దీని పనితనం బాగుంది. పైగా దీని దృష్టి పడేది మామూలుగా ఎవరూ పట్టించుకోని జీవుల మీద. పులి బొమ్మతో పోస్టర్ వేయవచ్చు, ప్లవకాల బొమ్మతో ఎవరు వేస్తారు?

2016లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీకి చెందిన ఈవ్ మెక్‌డొనాల్డ్-మాడెన్ బృందం నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. వాళ్లు ప్రశ్నను తిరగేశారు. ఏది పోతే నష్టం ఎక్కువ అని అడగకుండా, పరిమితమైన డబ్బుతో దేన్ని కాపాడితే మొత్తం జాలకానికి లాభం ఎక్కువ అని అడిగారు. వాడుకలో ఉన్న కొలతలు చాలావరకు తప్పు దారి పట్టిస్తాయని, వాటిని నమ్ముకుంటే అనవసరంగా ఎక్కువ జాతులు పోతాయని తేలింది. అన్ని జాలకాలకూ సరిపోయే కొలత ఏదీ లేదు గానీ, కొద్దిగా మార్చిన పేజ్‌ర్యాంక్ పెద్ద పొరపాట్లు జరగకుండా చూస్తుందని వాళ్ల ఫలితం. నా మటుకు నేను ఈ పద్ధతికి ఇచ్చే సర్టిఫికెట్ కూడా అంతవరకే.

తేనెటీగలు, పూల మొక్కల మధ్య సంబంధాలకు ఇదే లెక్క వాడవచ్చా?

వాడవచ్చు గానీ అక్కడ దీనికంటే మెరుగైనది ఉంది. తేనెటీగకు పువ్వు కావాలి, పువ్వుకు తేనెటీగ కావాలి. ఆధారం రెండు వైపులా ఉంటుంది. 2015లో వర్జీనియా దోమింగెజ్-గార్సియా, మిగెల్ మున్యోజ్ అనే స్పెయిన్ పరిశోధకులు ఇలాంటి జాలకాలకు మస్‌ర్యాంక్ అనే పద్ధతి ప్రతిపాదించారు. ఏ దేశం ఏ సరుకులు ఎగుమతి చేస్తుందో చూసి ఆర్థిక సామర్థ్యాన్ని కొలిచే లెక్క నుంచి దాన్ని తెచ్చారు. పరస్పరం ఆధారపడే జాలకాల్లో అది పేజ్‌ర్యాంక్‌ను దాటేసింది.

నాచు, ప్లవకాలే ఎప్పుడూ పైన రావడం అనుమానంగా లేదా?

ఉండాలి కూడా. సగం నిజం, సగం డేటా చేసే మాయ. సర్వే చేసినవాళ్లు పక్షులకు, చేపలకు ఒక్కో జాతికి ఒక్కో పేరు రాస్తారు. అడుగుకు వచ్చేసరికి వందల రకాల నాచును కలిపి ‘వృక్ష ప్లవకాలు’ అని ఒకే డబ్బాలో వేస్తారు. ఆ డబ్బా పోవడం అంటే వందల జాతులు ఒకే రోజు పోవడం. నిజంలో అలా జరగదు, ర్యాంకులో మాత్రం దానిది మొదటి స్థానం. అడుగు జీవులను కూడా విడివిడిగా నమోదు చేసిన జాలకాలు తక్కువ. అమెరికాలోని విస్కాన్సిన్‌లో లిటిల్ రాక్ లేక్ అనే సరస్సు జాలకం అందుకే పేరు పొందింది. నియో మార్టినెజ్ 1991లో సుమారు 180 రకాల జీవులతో దాన్ని తయారుచేశాడు. ఎవరైనా ర్యాంకుల పట్టిక చూపిస్తే ముందు అడగాల్సిన ప్రశ్న: అడుగున ఎన్ని పేర్లున్నాయి?

ఏది ఎంత తింటుందో, ఎప్పుడు తింటుందో లెక్కలోకి రాదా?

మూల పద్ధతిలో రాదు. కొంగ తిండిలో చేప 90 శాతం, నత్త 10 శాతం అయినా మనం సగం సగం పంచాం. సరైన కొలతలు ఉంటే ఆ నిష్పత్తిలో పంచవచ్చు, అది తేలిక. కాలం మాత్రం తేలిక కాదు. పెరూ అడవుల్లో వేరే పళ్లు దొరకని నెలల్లో కోతులను, పక్షులను అత్తి జాతి చెట్లే బతికిస్తాయని జాన్ టెర్‌బర్గ్ 1986లో రాశాడు. మన మర్రి, రావి, మేడి, జువ్వి ఆ కుటుంబానివే. ఏడాది మొత్తాన్ని ఒకే బొమ్మగా గీస్తే మేడిపండు పది పళ్లలో ఒకటి. కరువు నెలను విడిగా గీస్తే అదే దిక్కు. కాబట్టి రుతువుకో జాలకం గీయడం మంచిది. ఇంకోటి, ఒక తిండి పోతే జంతువు కొత్త తిండి వెతుక్కోవచ్చు. లెక్కకు ఆ సంగతి తెలియదు, అందుకే నష్టాన్ని కొంచెం ఎక్కువ చేసి చూపుతుంది.

కోరింగ మడ అడవుల్లాంటి చోట ఈ పని చేయాలంటే ఏం కావాలి?

కంప్యూటర్ పని ఒక పూట. డేటా పని ఏళ్లు. ఎవరు ఎవర్ని తింటారో తెలుసుకోవడానికి చేపల పొట్ట కోసి చూడాలి. బావురు పిల్లి, నీటికుక్కల పెంటలో ఎముకలు, పొలుసులు వెతకాలి, లేదా అందులోని డీఎన్ఏ పరీక్షించాలి. ఒక జీవి శరీరంలోని కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను) కొలిస్తే అది ఆహార గొలుసులో ఏ మెట్టు మీద ఉందో తెలుస్తుంది. కాకినాడ వైపు మత్స్యకారులను కూర్చోబెట్టి అడిగితే జాలకంలో సగం లింకులు ఒక్క రోజులో వస్తాయి, అయితే వాటిని పొట్ట పరీక్షతో సరిచూసుకోవాలి.

మడ అడవికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. అక్కడ పచ్చి ఆకును తినేవాటికంటే రాలి కుళ్లిన ఆకు మీద బతికేవి ఎక్కువ: పీతలు, రొయ్యలు, పురుగులు. కాబట్టి కుళ్లిన ఆకును అడుగున ఒక తిండిగా పెట్టి, దాన్ని మడ చెట్లకు కలపాలి. అది మర్చిపోతే చెట్ల ర్యాంకు పడిపోయి, మడ అడవిలో మడ చెట్టు అనవసరం అన్న ఫలితం వస్తుంది.

సొంతంగా ప్రయత్నించాలంటే ఏ సాఫ్ట్‌వేర్?

పైథాన్ అనే కోడింగ్ భాషలో నెట్‌వర్క్‌ఎక్స్, ఆర్ అనే భాషలో ఐగ్రాఫ్. రెండూ ఉచితం, రెండింటిలోనూ పేజ్‌ర్యాంక్ సిద్ధంగా ఉంది. అయితే అవి వెబ్ కోసం రాసినవి కాబట్టి ఆ 15 శాతం గెంతుడు లెక్కనే వాడతాయి. అల్లెసీనా, పాస్కువల్ పద్ధతి కావాలంటే ‘వేరు’ బిందువును మీరే చేర్చాలి: అడుగు జాతుల నుంచి వేరుకు, వేరు నుంచి అన్ని జాతులకు బాణాలు. తర్వాత గెంతు లేకుండా లెక్కించమని చెప్పాలి. మామూలుగా దొరికే డేటాలో బాణాలు తిండి నుంచి తినేదాని వైపు ఉంటాయి, వాటిని తిప్పడం మర్చిపోవద్దు. తిప్పకపోతే పట్టిక మొత్తం తలకిందులై పులి మొదటి స్థానంలో కూర్చుంటుంది. చూడటానికి బాగానే ఉంటుంది, అందుకే తప్పు ఎవరికీ దొరకదు. పై చెరువును ముందు పెట్టి చూడండి. నాచుకు వచ్చిన విలువ కొంగకు వచ్చినదానికి 5.25 రెట్లు ఉంటే మీ కోడ్ సరిగ్గా ఉన్నట్టే.